జొన్నరొట్టె, కందిపప్పు, చర్మకాంతి: అమైనో ఆమ్లాల సంగతి

వనపర్తి నుంచి ఒక సోదరి ఇటీవల నాకొక ఉత్తరం రాశారు. వయస్సు ఇరవై ఆరు. జుట్టు విపరీతంగా రాలుతున్నది, ముఖం కళ తప్పింది, గోళ్ళు పెళుసుగా విరిగిపోతున్నాయి. స్నేహితురాళ్ళు అమైనో ఆమ్లాల గుళికలు, కొల్లాజెన్ పొడి వాడమని సలహా ఇచ్చారట. నెలకు రెండు వేల రూపాయలకు పైగా ఖర్చవుతుంది కనుక, ఇంట్లో చేసుకోదగిన మందు ఏదైనా ఉంటే తెలుపమని కోరారు. ఇటువంటి ఉత్తరాలు ఈ నాలుగైదేళ్ళలో చాలా వస్తున్నాయి. ఒక్క వాక్యంలో జవాబు రాసి ఊరుకోవచ్చు. కాని అమైనో ఆమ్లాలన్న మాట వినగానే నా వృత్తిజీవితంలో జరిగిన ఒక పెద్ద పొరపాటు నాకు గుర్తుకు వస్తుంది. దానిని దాచుకోకుండా చెప్పిన తరువాతే ఆ సోదరికి జవాబు చెప్పడం న్యాయమని భావిస్తున్నాను.

ముందుగా అమైనో ఆమ్లాలు ఏమిటో తెలుసుకుందాం. మనం మాంసకృత్తులు లేదా ప్రోటీన్లు అని పిలిచే పదార్థాలన్నీ ఈ చిన్న చిన్న అంశాల కూర్పే. తెలుగు వర్ణమాలలోని యాభైకి పైబడిన అక్షరాలతో ఇన్ని లక్షల మాటలు పుట్టినట్లే, ఇరవై అమైనో ఆమ్లాలతో శరీరం తనకు కావలసిన వేలకొలది మాంసకృత్తులను కూర్చుకుంటుంది. కండరం, చర్మం, వెంట్రుక, గోరు, రక్తంలోని హిమోగ్లోబిన్, అన్నాన్ని అరిగించే ఎంజైములు, ఇన్సులిన్ వంటి హార్మోన్లు అన్నీ ఈ కూర్పులే. ఈ ఇరవైలో మొదట వేరుచేయబడినది ఆస్పరాజిన్. 1806లో ఫ్రాన్సు దేశంలో ఒక కూరమొక్క రసం నుంచి దానిని తీశారు. ఆ మొక్క మన శతావరి, అంటే పిల్లితేగల జాతికి చెందినదే. మన వైద్యులు బాలింతలకు శతావరిని ఇచ్చే సంప్రదాయం దానికన్నా ఎంతో ప్రాచీనమైనదనుకోండి. అయితే శతావరి గుణమంతా ఆ ఒక్క ఆమ్లం వల్లనే అని మాత్రం ఎవరూ అనుకోరాదు.

ఇరవైలో పదకొండింటిని శరీరం తానే తయారు చేసుకోగలదు. మిగిలిన తొమ్మిది తప్పనిసరిగా ఆహారం నుంచే రావాలి. అవి హిస్టిడిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, లైసిన్, మిథియోనిన్, ఫినైల్ అలనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్. ఈ పేర్లను కంఠస్థం చేయవలసిన పని లేదు. లైసిన్, ల్యూసిన్, ట్రిప్టోఫాన్, మిథియోనిన్ అనే నాలుగింటిని మాత్రం గుర్తుంచుకోండి, మన కథ వాటితోనే నడుస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం ఉన్నది. గోడ కట్టే మేస్త్రీ దగ్గర ఇటుకలు గుట్టలుగా ఉన్నా సిమెంటు అయిపోతే పని ఆగిపోతుంది. అలాగే తొమ్మిదింటిలో ఏ ఒక్కటి తక్కువైనా శరీరంలో నిర్మాణం అక్కడికే పరిమితమవుతుంది. మిగిలిపోయిన ఆమ్లాలను శరీరం కొవ్వులాగా భద్రపరచుకోలేదు. వాటిని ఇంధనంగా కాల్చివేసి, అందులోని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో పంపివేస్తుంది. కాబట్టి ఎంత మాంసకృత్తు తిన్నామన్నది ఒక ప్రశ్న అయితే, ఏ ఏ ఆమ్లాలు ఏ పాళ్ళలో అందాయన్నది మరొక ప్రశ్న. రెండవ ప్రశ్నను నేను నేర్చుకున్నది గ్రంథాలలో కాదు.

దేవరకొండ దారిలో

1976 వేసవి. నేను వైద్యం ప్రారంభించి రెండేళ్ళు కాలేదు. నల్లగొండ జిల్లా దేవరకొండ నుంచి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి వైపు పోయే దారిలో, డిండి వాగుకు ఈవల ఒక పల్లెలో నా వైద్యశాల ఉండేది. రెండు జిల్లాల సరిహద్దు కావడం వలన అటువారు ఇటువారు వచ్చేవారు. రాతినేలలు, తక్కువ వానలు, జొన్న, ఆముదం, వేరుశనగ పంటలు. పని దొరకని నెలల్లో జనం మూటలు కట్టుకొని ఆనకట్టల పనికి, కాలువల పనికి, రోడ్ల పనికి దూరదేశాలు పోయేవారు. పాలమూరు కూలీలంటే దేశమంతటా తెలుసు. దేశంలో ఎక్కడ పెద్ద కట్టడం లేచినా ఆ మట్టిలో పాలమూరు తట్టలు మోసిన మన్ను కొంత ఉంటుంది.

అటువంటి పని నుంచి తిరిగివచ్చిన ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు చేతుల వెనుక భాగాన, మోచేతి వరకు చర్మం నల్లబడి, బీటలు వారి, పొలుసులు లేచి ఉన్నది. పాదాల మీదా అంతే. మెడ చుట్టూ హారం వేసినట్లు ఒక నల్లని పట్టీ. నాలుక ఎర్రగా పచ్చిపుండులా ఉన్నది. రోజుకు నాలుగైదు విరేచనాలు.

“ఎండల నిలబడితె చేతులు భగ్గుమంటున్నయయ్యా. కారం నోట్లె పెట్టనిస్తలేదు. రాత్రి నిద్రనే పడ్తలేదు” అన్నది.

ఆమె వెంట వచ్చిన కొడుకు అసలు బాధ చెప్పాడు. ఊళ్ళో వారు దానిని కుష్ఠు అనుకొని ఆమెను చేదబావి దగ్గరకు రానివ్వడం లేదు. ఇంట్లో కోడలు కూడా ఆమె కంచం వేరుగా పెట్టింది.

నేను స్పర్శ పరీక్ష చేశాను. స్పర్శ ఉన్నది. అది పెద్ద కుష్ఠు కాదని నాకు తెలిసింది. కాని మన శాస్త్రంలో చెప్పిన క్షుద్రకుష్ఠాలలో ఒకటిగా నిర్ణయించి, మహామంజిష్ఠాది కషాయం లోపలికి, వేపనూనె పైపూతకు ఇచ్చాను. అంతవరకైతే పెద్ద హాని ఉండేది కాదేమో. నేను పథ్యం కూడా చెప్పాను. చర్మరోగమన్న పేరుతో పప్పు మానిపించాను, పెరుగు మానిపించాను, పల్లీలు వేడి అని మానిపించాను, గుడ్డు మాట ఎత్తవద్దన్నాను. జొన్నగటక, జొన్నరొట్టె, పచ్చిపులుసు మాత్రమే తినమన్నాను. ఆ తల్లి నా మాట అక్షరాలా పాటించింది. నిజానికి ఆమె అప్పటికి కొన్ని నెలలుగా తింటున్నదే అది. పనిస్థలంలో రొట్టె, గొడ్డుకారం తప్ప ఇంకేమీ లేవు. నేను ఆమె ఏమి తింటున్నదో అడగనే లేదు.

మూడు వారాలలో ఆమె మాటలు తడబడడం మొదలైంది. ఉన్నట్టుండి ఏడ్చేది, ఇంటి దారి మరిచిపోయేది. గాలి సోకిందని ఇంట్లో వారు భయపడ్డారు. కొడుకు అప్పు చేసి ఆమెను హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి వైద్యుడు చేతులు, మెడ చూసి, నాలుక చాపమని, ఆ తరువాత అడిగిన మొదటి ప్రశ్న “ఏమి తింటున్నావమ్మా?” అట. నికోటినమైడ్ మాత్రలు, తక్కిన బి విటమిన్లు, పప్పు, పాలు, గుడ్డు. నాలుగు రోజులలో నోటిపూత తగ్గి విరేచనాలు కట్టాయి. వారం తిరిగేసరికి మతి నిలకడ పడింది. నెల రోజులలో చేతుల మీది నల్లని పొర ఊడి లేత చర్మం వచ్చింది.

రెండు నెలల తరువాత ఆమె నా వైద్యశాలకు వచ్చింది. కొంగులో శేరు పల్లీలు కట్టుకొని వచ్చి నా బల్ల మీద పోసింది. “వాళ్ళు పప్పు తినుమన్నరయ్యా, మీరేమొ వద్దంటిరి గద” అన్నది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. రెండు మాటలలో ఏది సరియైనదో తేల్చుకోవడానికి అడిగింది, అంతే. నాకు జవాబు తెలియలేదు. తెలుసుకోవడానికి ఆ నెలలోనే హైదరాబాదు బస్సెక్కాను.

తార్నాకలో విప్పిన చిక్కు

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇటలీ భాషలో ‘గరుకు చర్మం’ అని అర్థం. దీనిని మొదట వర్ణించిన వాడు స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పార్ కాసాల్. 1735లో మొక్కజొన్న తిని బ్రతికే పేదరైతులలో దీనిని గమనించాడు. మెడ చుట్టూ ఏర్పడే ఆ పట్టీని నేటికీ కాసాల్ హారం అనే పిలుస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేలమంది దీనివల్ల మరణించారు. అక్కడా దానిని అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం నియమించిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ రోగుల రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకొని, అది అంటేది కాదని, తిండిలోని లోపమని చూపించాడు. 1937లో ఎల్వేజెం అనే శాస్త్రవేత్త ఆ లోపం నికోటినిక్ ఆమ్లానిదని, అంటే బి3 విటమిన్ అయిన నియాసిన్‌దని తేల్చాడు. ఆ తరువాత మరొక విషయం బయటపడింది. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్‌ను తయారు చేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి సుమారు 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ కూడా వంటికి పట్టని రూపంలో ఉంటుంది. మెక్సికో ప్రజలు అనాదిగా మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి వాడడం వలన వారికి ఆ జబ్బు అంతగా రాలేదు.

మొక్కజొన్న కథ అలా ముగిసింది. కాని మన జొన్న సంగతి వేరు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువేమీ కాదు. కాగితం మీద లెక్క వేస్తే పెద్ద లోటు కనిపించదు. అయినా దక్కను పీఠభూమిలో జొన్న తినే కూలీలలోనే పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తున్నది?

ఈ చిక్కును హైదరాబాదులోనే విప్పే ప్రయత్నం జరిగింది. 1918లో కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు, తార్నాకకు తరలివచ్చింది. అదే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త మాట చెప్పారు. లోపం ఒక ఆమ్లం తక్కువ కావడంలో కాదు, మరొకటి మితిమీరడంలో ఉన్నదన్నారు. ఆ మితిమీరినది ల్యూసిన్. జొన్న మాంసకృత్తులో ల్యూసిన్ చాలా ఎక్కువ. అది అధికమైనప్పుడు ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారి వంటికి ఉపయోగపడే దారికి అడ్డు తగులుతుందని వారి వాదం. కుక్కలకు జొన్న ప్రధానంగా ఉన్న ఆహారం పెట్టి చూస్తే వాటి నాలుక నల్లబడే జబ్బు వచ్చింది. అది కుక్కలలో పెల్లాగ్రాకు సమానమైనది. ఐసోల్యూసిన్ ఇచ్చినప్పుడు, బి6 విటమిన్ ఇచ్చినప్పుడు ఆ చెడు ప్రభావం తగ్గిందని కూడా ఆ సంస్థ పరిశోధకులు చూపారు.

ఈ సిద్ధాంతాన్ని లోకమంతా ఏకగ్రీవంగా ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. ఇతర దేశాలలో చేసిన ప్రయోగాలలో ల్యూసిన్ ప్రభావం ప్రతిసారీ కనిపించలేదు. జొన్నలోనూ అన్ని రకాలలో ల్యూసిన్ ఒకే మోతాదులో ఉండదు. ల్యూసిన్ ఒక్కటే దోషి అనుకోవడం కన్నా, పప్పు లేని, పాలు లేని, కూర లేని ఏకధాన్య భోజనంలో అనేక లోట్లు కలిసివచ్చాయనుకోవడమే నాకు సమంజసంగా తోస్తుంది. ఏ వాదం నెగ్గినా ఆ తల్లికి కావలసిన వైద్యం మారదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఎండలో పనిచేసే, 50 కిలోల బరువున్న కూలీ రోజుకు అర్ధకిలో జొన్నలు తిన్నదనుకుందాం. 50 గ్రాముల మాంసకృత్తు అందుతుంది. చూడడానికి ఇది సరిపోయినట్లే. కాని అందులో ల్యూసిన్ ఆరున్నర గ్రాముల దాకా ఉంటుంది, అవసరమైన దానికి మూడు రెట్లకు పైగా. లైసిన్ మాత్రం ఒక గ్రాము చిల్లరే. కావలసింది ఒకటిన్నర గ్రాములు. సిమెంటు అయిపోయిన మేస్త్రీ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. ఇప్పుడు ఆ కంచంలో 75 గ్రాముల కందిపప్పు చేర్చండి. కందిపప్పు ఒక్కటే మరో గ్రాము లైసిన్ తెచ్చి పెడుతుంది. లోటు తీరి మిగులు వస్తుంది. పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్‌ను ధాన్యం, నువ్వులు పూరిస్తాయి. మన పెద్దవారు రొట్టెకు పప్పును, గటకకు మజ్జిగను జోడించినది ఏ రసాయనశాలలోనూ పరీక్షించి కాదు. అయినా ఆ జోడింపు సరియైనదే. కరువు వచ్చినప్పుడు, వలస పోయినప్పుడు మొదట కంచంలో నుంచి తప్పుకునేది ఆ రెండవ పదార్థమే. దానిని వైద్యుడిగా నేను నా నోటితో తప్పించాను.

మరొక విషయం నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. పల్లీలలో నియాసిన్ సమృద్ధిగా ఉంటుంది, 100 గ్రాములలో 10 మిల్లీగ్రాములకు పైగానే. ఆ తల్లి ఊరి చుట్టూ వేరుశనగ చేలే. పండిన కాయంతా బస్తాలలో మార్కెట్టుకు పోయేది. పండించిన వారి ఇంట్లో పండుగకు తప్ప పల్లీ కనిపించేది కాదు.

జొన్న తప్పు కాదు

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ తరువాత బోరుబావులు, కాలువలు వచ్చి వరి పెరిగింది. జొన్నచేలు తగ్గిపోయాయి. పెల్లాగ్రా కూడా క్రమంగా కనుమరుగైంది. నా వైద్యశాలలో గత పాతికేళ్ళలో చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2016లో పాత జిల్లాలు చీలి వనపర్తి, నాగర్‌కర్నూల్, సూర్యాపేట వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. ఇప్పుడు ఆ పట్టణాలలోనే సాయంత్రం పూట జొన్నరొట్టెల బండ్ల దగ్గర మధుమేహం ఉన్నవారు వరుస కట్టి నిలబడుతున్నారు. కాలచక్రం అలా తిరిగింది.

జొన్న మంచి ధాన్యం. పీచు ఉన్నది, గోధుమ పడని వారికి పనికివస్తుంది, బియ్యం కన్నా మాంసకృత్తు కొంత ఎక్కువ. మన వైద్యులు దానిని రూక్షగుణం కలదిగా చెప్పి, నెయ్యి, మజ్జిగ వంటి స్నిగ్ధ ద్రవ్యాలతో తినమన్నారు. మూడు పూటలా జొన్నలే తింటూ “చిరుధాన్యాలు అమృతం” అని పప్పు మానివేసేవారిని ఈమధ్య చూస్తున్నాను. వారికి నా పాత రోగి కథ చెబుతుంటాను.

సందర్భం వచ్చింది కనుక మరొక మాట. మాంసధాతువంటే ప్రోటీన్, రసధాతువంటే ప్లాస్మా అని సమీకరణాలు రాసే వ్యాసాలు కనిపిస్తున్నాయి. నేను అంగీకరించను. రెండు శాస్త్రాల చూపు వేరు. అయితే చరకసంహిత విమానస్థానంలో త్వక్సారుల లక్షణం చెప్పిన చోట, నునుపైన, మృదువైన, కాంతిగల చర్మాన్ని శరీరబలంతో, ఆరోగ్యంతో ముడిపెట్టారు. చర్మం లోపలి స్థితికి అద్దమన్న ఆ దృష్టి మాత్రం పెల్లాగ్రా విషయంలో అక్షరసత్యం.

చర్మం, జుట్టు, గోళ్ళు

చర్మానికి బిగువునిచ్చే మాంసకృత్తు కొల్లాజెన్. దానిలో ప్రతి మూడవ పూస గ్లైసిన్ అనే ఆమ్లం, తరువాతి స్థానం ప్రోలిన్‌ది. ఈ రెండింటినీ శరీరం చేసుకోగలదు. అయితే కొల్లాజెన్ తీగలు గట్టిపడడానికి సి విటమిన్ అవసరం. ఉసిరికాయ ఆ విటమిన్‌కు పెట్టింది పేరు. బజారులో అమ్మే కొల్లాజెన్ పొడి కడుపులోకి పోగానే అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. అది నేరుగా వెళ్ళి బుగ్గల కింద అతుక్కోదు. అదే ముడిసరుకు పప్పులోనూ, పెరుగులోనూ, గుడ్డులోనూ ఉన్నది.

వెంట్రుక, గోరు కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతాయి. దానిలో గంధకం గల సిస్టీన్ అధికం. జుట్టు కాలినప్పుడు వచ్చే వాసన ఆ గంధకానిదే. సిస్టీన్‌ను శరీరం మిథియోనిన్ నుంచి చేసుకుంటుంది. నువ్వులు, గుడ్డు, చేప, పాలలో మిథియోనిన్ బాగా దొరుకుతుంది. చర్మానికి, వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ టైరోసిన్ అనే ఆమ్లం నుంచి పుడుతుంది. అలాగని టైరోసిన్ మాత్రలు మింగితే నెరిసిన జుట్టు నల్లబడదు. వయస్సుతో వచ్చే నెరుపు ఆ రంగు తయారుచేసే కణాలు అలసిపోవడం వల్ల వస్తుంది.

తలకు గుడ్డుసొన పట్టించడం గురించి చాలామంది అడుగుతారు. సొన వెంట్రుకల మీద పొరలా పట్టి కొంత నునుపు ఇస్తుంది. కుదురులోకి ఇంకి జుట్టును పెంచదు. గుడ్డు తినగలిగిన వారు దానిని తినడమే మేలు. పెసరపిండి నలుగు మాత్రం మంచిది. మురికిని, జిడ్డును సున్నితంగా తీస్తుంది. పొడి చర్మం వారు దానిలో పాలమీగడ కలుపుకోవచ్చు. అదీ బయటి శుభ్రతే, పోషణ కాదు.

ఇంట్లో చేసుకోదగినవి

నేను నా రోగులకు చెప్పేది చాలా సాదా సంగతి. మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పు, దానితో పాటు పాలో పెరుగో మజ్జిగో. ఒకే ముద్దలో కలవాలని లేదు. పెద్దవారికి ఆ రోజు మొత్తంలో అందితే సరిపోతుంది.

రొట్టె చేసేటప్పుడు మూడు గ్లాసుల జొన్నపిండికి ఒక గ్లాసు శనగపిండి చేర్చి, గుప్పెడు మెంతికూర సన్నగా తరిగి, మరుగుతున్న నీటితో కలపండి. రొట్టెను మాడ్చవద్దు. బాగా నల్లబడినప్పుడు మొదట దెబ్బతినేది, అసలే తక్కువగా ఉన్న లైసిన్. జొన్న మాంసకృత్తు ఉడికిన తరువాత కొంత కష్టంగా అరుగుతుంది. పులిస్తే అరుగుదల మెరుగవుతుంది. జొన్న అంబలిని ముందురోజు రాత్రి కలిపి పులియబెట్టి, ఉదయం కాచి మజ్జిగ పోసుకొని తాగే పాత అలవాటు అందుకే మంచిది.

పల్లి–నువ్వుల కారం ప్రతి ఇంట్లో ఉండదగినది. వేయించి పొట్టు తీసిన పల్లీలు 100 గ్రాములు, వేయించిన నువ్వులు 50 గ్రాములు, ఎండుమిర్చి ఆరు, వెల్లుల్లి రెబ్బలు ఆరు, జీలకర్ర ఒక చెంచా, తగినంత ఉప్పు. కచ్చాపచ్చాగా దంచి సీసాలో పెట్టుకోండి. పూటకు రెండు చెంచాలు. గొడ్డుకారం స్థానంలో ఇది వస్తే ఎంతో మార్పు. బూజు పట్టిన, ముడుచుకుపోయిన, చేదు రుచి గల పల్లీలను నిర్దాక్షిణ్యంగా పారవేయండి. వాటిలోని శిలీంధ్రవిషం కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

ఉలవలు, అనుములు, బొబ్బర్లు మన నేలల్లో తక్కువ నీటితో పండేవి. మొలకెత్తించి గుగ్గిళ్ళుగా ఉడికించి తినండి. వేరుశనగ, పప్పులు అందరికీ ఒకే మోతాదులో సరిపోవని కూడా గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత మాంసకృత్తు తీసుకోవాలో తమ వైద్యుడినే అడగాలి. ఆరోగ్యవంతులకు రోజుకు కిలో శరీరబరువుకు సుమారు 0.8 గ్రాముల మంచి మాంసకృత్తు సరిపోతుంది. మన ధాన్యప్రధానమైన భోజనంలో కిలోకు ఒక గ్రాము అనుకుంటే సులభం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కండలు పెంచడానికని అమ్మే మాంసకృత్తుల పొడులను వాడవద్దనే చెప్పాయి.

పెల్లాగ్రా పూర్తిగా పోయిందనుకోవద్దు. ప్రతిరోజూ మద్యం సేవిస్తూ భోజనం మానేసేవారిలో, ఒంటరిగా ఉండి వండుకోలేని వృద్ధులలో, క్షయకు ఐసోనియాజిడ్ మాత్రలు వాడుతూ సరియైన తిండి లేనివారిలో అది నేటికీ వస్తుంది. ఎండ తగిలే చోట్ల, రెండు చేతులకూ సమానంగా చర్మం నల్లబడి మండుతుంటే, దానితో నోటిపూత, విరేచనాలు, నిద్రలేమి, మతిమరుపు కనిపిస్తే, లేపనాలతో కాలం గడపకుండా ఆసుపత్రికి వెళ్ళండి. క్షయ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వాటితో పాటు బి6 ఇవ్వవలసి ఉంటుంది, ఆ సంగతి వైద్యుడికి తెలుసు. ఆకలితో, వలసతో వచ్చిన జబ్బును కుష్ఠు అని, గాలి అని ఇంటి నుంచి వేరు పెట్టకండి.

ఇక వనపర్తి సోదరికి నేను రాసిన జవాబు. గుళికలు కొనడం ఆపి, ముందు ఏమి తింటున్నారో వారం రోజులు కాగితం మీద రాసి పంపమన్నాను. దానితో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోమన్నాను. పదిహేను రోజుల తరువాత ఆమె ఉత్తరం వచ్చింది. ఉదయం టీ, రెండు బిస్కట్లు. మధ్యాహ్నం అన్నం, పచ్చడి. రాత్రి బరువు తగ్గడానికని రెండు జొన్నరొట్టెలు, ఉల్లిపాయ. పప్పు వారానికి ఒకసారి. థైరాయిడ్ సరిగానే ఉన్నది. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. ఆమె ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇనుము మాత్రలు దొరుకుతాయి. టీతో కలిపి వేసుకోవద్దని, ఉసిరికాయో నిమ్మరసమో తీసుకొని వేసుకోమని, రాత్రి రొట్టెకు పప్పు, పల్లికారం చేర్చుకోమని, మూడు నెలల తరువాత మళ్ళీ రక్తపరీక్ష చేయించి రాయమని చెప్పాను.